షడ్జమం రాకముందే చప్పట్లు

కామారెడ్డి బైపాస్ మీది ఒక ఫంక్షన్ హాల్లో మా టీచరమ్మకు జాతీయ పురస్కారం ఇచ్చారు. శాస్త్రీయ సంగీతంలో ఆ ఏటి ఉత్తమ రికార్డింగ్ ఆమెదేనట. ఈ సంగతి చెబితే ఎవరైనా ముందు అభినందనలు అంటారు. ఆ పొద్దు హాల్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

టీచరమ్మ ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. నేను ఆమె దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్నాను. పాట నాకు పెద్దగా అబ్బలేదు గాని వినడం అబ్బింది. ఇప్పుడు కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఎల్లారెడ్డి పోయి ఆమె పాట వింటాను. ఆమెది సన్నటి, గట్టి గొంతు. వయసుతో అంచులు కాస్త అరిగాయి. అయినా బేగడ రాగం ఎత్తుకుంటే ఎదుటివాళ్లు చేతిలోని పని కింద పెట్టాల్సిందే.

ఆ బేగడను రికార్డు చేయించింది నేనే. కామారెడ్డిలో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో పాడించాను. పాట పోకుండా ఉంటే చాలని నా ఆశ. ఆ స్టూడియో ఆయనే, జాతీయ పోటీ ఒకటుంది, పంపిస్తే పోయేదేముంది మేడం అన్నాడు. సరే అన్నాను. కొన్ని నెలలకు ఫోన్ వచ్చింది, మీ టీచరుగారు గెలిచారని.

నేను ఎల్లారెడ్డికి పోయి చెబితే ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరు ఇన్నరంట?"

"జడ్జీలు ఉంటరు టీచరమ్మా. హైదరాబాద్ నుంచి."

"మొత్తం ఇన్నరా?"

"ఇనకుంటే ఎట్ల ఇస్తరు?"

ఆమె ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. కానీ పురస్కారం ఇచ్చే రోజు పొద్దున నేను కారు తీసుకుపోయేసరికి గంజి పెట్టిన గద్వాల చీర కట్టుకుని అరుగు మీద తయారుగా కూర్చుంది. మెడలో ఎప్పుడూ వేసుకోని ముత్యాల దండ ఉంది. దారిలో లింగంపేట దాటినంక, వాళ్లు పాడమంటే ఏం పాడాలె అని రెండుసార్లు అడిగింది. ఆ పోటీ పెట్టిన సంస్థ వాళ్లను క్షమించలేనని నాకు గట్టిగా అనిపించేది ఆ ముత్యాల దండ గుర్తొచ్చినప్పుడే.

సంస్థ అధ్యక్షుడిది ప్లాట్ల వ్యాపారం, సొంతూరు కామారెడ్డి పక్కనే. అందుకే జాతీయ ఉత్సవం ఆ ఏడు ఇక్కడికి దిగింది. ఆయన వెంచర్‌కు ఒక రాగం పేరుంది. అది రాగమని ఆయనకు తెలియదు, కూతురి పేరని పెట్టాడు. నాందేడ్ నుంచి ఒక తబలా ఆయన, బీదర్ నుంచి ఒక వేణువు ఆయన వచ్చారు. జాతీయ అన్న మాట ఆ ఇద్దరు ఎక్కివచ్చిన బస్సుల మీదే నిలబడింది.

గేటు దగ్గర ఫ్లెక్సీలో నాయకుల ముఖాలు మనిషెత్తున ఉన్నాయి. అవార్డు అందుకునేవాళ్ల ఫోటోలు అడుగున, పెళ్లి ఆల్బంలో చివరి పేజీ చుట్టాల్లాగా, గోరంత గోరంత ఉన్నాయి. టీచరమ్మ ఫోటో వెతకడానికి నేను వంగాల్సి వచ్చింది. పేరులో ఒక అక్షరం తప్పు.

పొద్దున పదింటికి రమ్మన్నారు. ముఖ్య అతిథి రానిదే మొదలుపెట్టరట. ఆయన భిక్నూర్ దగ్గర ఏదో దాబా ప్రారంభోత్సవంలో ఉన్నాడని ఒకరు, బయలుదేరాడని ఒకరు, భోజనం చేసి వస్తాడని ఒకరు. ఈలోగా సంగీతోత్సవానికి తగ్గట్టు డీజే పెట్టారు. వీణలు ఒళ్లో పెట్టుకుని, మృదంగాలు కాళ్ల మధ్య పెట్టుకుని, దేశంలోని ఉత్తమ కళాకారులంతా డీజే చప్పుడుకు చెవులు మూసుకుని కూర్చున్నారు. బీదర్ ఆయన ఒకసారి లేచి, కొంచెం తగ్గించమని చేయి ఊపాడు. డీజే వాడు అది హుషారనుకుని పెంచాడు.

అధ్యక్షుడు మా వరుస దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను, వీళ్లు ఎప్పుడు పాడతారని.

"పాడుడు లేదు మేడం. టైం యాడుంది? అందరు పాడుకుంట కూసుంటే ప్రోగ్రాం ఎట్ల అయితది?"

టీచరమ్మ విన్నది. అప్పటిదాకా లోపల్లోపల ఏదో నెమరు వేసుకుంటూ వేళ్లతో తాళం వేస్తున్న చేయి ఆగింది.

ముఖ్య అతిథి బగారా అన్నం వాసన హాలంతా నిండాక వచ్చాడు. మైకు పట్టుకుని, "సంగీతం అంటే నాకు పానం. మా ఇంట్ల పొద్దంత టీవీ నడుస్తనే ఉంటది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత పంపకం మొదలైంది. ఒకరికి శాలువా కప్పడం, ఫోటో తీయడం, వాళ్లు మెట్లు దిగగానే ఒక వాలంటీరు ఆ శాలువా లాక్కుని వెనుకనుంచి మళ్లీ స్టేజీ ఎక్కించడం. అదే ఆకుపచ్చ శాలువా తబలాను సన్మానించింది, వేణువును సన్మానించింది, ఒక వయొలిన్‌ను సన్మానించింది. నాకు తెలిసి ఆ రోజు అందరికన్నా ఎక్కువ గౌరవం పొందింది ఆ శాలువానే.

ఉత్తమ రికార్డింగ్ వంతు వచ్చింది. నేను చేయి పట్టుకుని టీచరమ్మను స్టేజీ ఎక్కించి పక్కకు నిలబడ్డాను. యాంకరమ్మాయి, "మనందరినీ మైమరపించిన ఆ అమృతగానాన్ని ఒక్కసారి విందాం" అంది. లైట్లు తగ్గించారు. తంబురా మోగింది. తర్వాత పాట.

మగ గొంతు!

బొంగురుగా, లోతుగా, కింది స్థాయిలో నెమ్మదిగా ఒక హిందుస్తానీ ఆలాపన. నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె తల కొంచెం పక్కకు వంచి వింటోంది. హాలు వైపు చూశాను. ఒక్కరూ అటూ ఇటూ తిరిగి చూసుకోలేదు. స్టేజీ మీద గద్వాల చీర కట్టుకున్న ముసలామె నిలబడి ఉంది, స్పీకర్లలో ఒక మొగాయన పాడుతున్నాడు, అందులో ఎవరికీ తేడా కనబడలేదు. అర నిమిషం కాగానే పాట మధ్యలో తుంచేసి లైట్లు వేశారు. చప్పట్లు.

టీచరమ్మ మైకు దగ్గరికి పోయింది.

"ఇది నా గొంతు గాదు. ఎవరో మొగాయన పాడుతున్నడు."

యాంకర్ గుండెల మీద చేయి పెట్టుకుంది. "చూశారా! అంత ప్రతిభ ఉండి కూడా నాది కాదు అంటున్నారు. ఎంత వినయం అమ్మా మీది! గట్టిగా చప్పట్లు!"

ఇంకా గట్టిగా కొట్టారు. పట్టు కుర్తా వేసుకున్న జడ్జి మైకు అందుకుని, తారస్థాయిలో అమ్మ వేసిన గమకాలకు తన ఒళ్లు పులకరించిందన్నాడు. ఆ వినిపించిన ముక్కలో తారస్థాయి లేదు. ఆ గొంతు మధ్య స్థాయిలోకి కూడా పూర్తిగా రాలేదు.

గాజు వీణ ఒకటి చేతిలో పెట్టారు. తీగలు బంగారు రంగు దారాలు. దాని మీద కూడా పేరు తప్పే. మెట్లు దిగగానే వాలంటీరు శాలువా కోసం చేయి చాపితే టీచరమ్మే తీసి మడతపెట్టి ఇచ్చింది.

నేను ఊరుకోలేకపోయాను. అధ్యక్షుణ్ణి తిండి దగ్గర పట్టుకున్నాను.

"అది ఆమె పాట గాదండీ. మీరు వేరేవాళ్ల పాట ఏసిన్రు."

"అట్లనా?" అన్నాడు పెరుగు చట్నీ వేసుకుంటూ. "ఫోటో మంచిగ వచ్చిందా లేదా చెప్పున్రి."

"పాట సంగతి అడుగుతున్న."

"మేడం, పాట ఎవరు ఇంటరు? ఫోటో అయితే పేపర్ల వస్తది."

అంత నిజాయితీగా మాట్లాడినవాడు ఆ రోజు ఇంకొకడు లేడు. ఆ ఒక్క విషయంలో జడ్జికన్నా ఆయనే నయం.

తిరుగుదారిలో కోపంతో కారు కొంచెం దూకుడుగానే నడిపాను. తాడ్వాయి దాటాక టీచరమ్మ పక్క సీట్లోంచి సన్నగా ఆ మొగాయన పాడిన ముక్కను అనడం మొదలుపెట్టింది.

"మన హంసానంది లెక్కనే ఉంది. గని అది గాదు బిడ్డా. మార్వా అంటరు వాళ్లు. అండ్ల షడ్జమం తొందరగ ఇయ్యరు. చుట్టూ తిప్పుతరు, తిప్పుతరు, ఇనేటోనికి పానం గుంజుతుంటది. గప్పుడు ఇస్తరు. ఆయన ఇంక స కాడికి రానే లేదు, వాళ్లు బంద్ చేసిన్రు."

"మీకు కోపం వస్తలేదా?"

"వస్తుంది. ఆయన స కాడికి ఎట్ల వస్తడో నేను ఇనాలె. ఎవరో తెలుసుకో."

తెల్లారి జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. తన గానంతో సభను ఓలలాడించిందని రాశారు. ఆ విలేకరి హాల్లో ఉన్నాడు, డీజే కూడా విన్నాడు. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు వచ్చాయి. పాట పంపమని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం స్టూడియోకు పోయాను. ఆయన కంప్యూటర్ తెరిచి చూసి నాలుక కరుచుకున్నాడు.

"తప్పయింది మేడం. ఒక్కదినమే రెండు పంపిన. పేర్లు ఉల్టా పెట్టినట్టున్న."

రెండోది నస్రుల్లాబాద్‌లో ఉండే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుది. ఉర్దూ మీడియం బడిలో పనిచేశాడు, వయసులో ఉన్నప్పుడు నాందేడ్ పోయి ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. ఫోన్ నంబరు ఇచ్చి, జర గరం మనిషి మేడం, అవార్డు రాలేదని నన్ను తిట్టిండు అన్నాడు.

ఆ ఆదివారం టీచరమ్మను ఎక్కించుకుని నిజాంసాగర్ మీదుగా బాన్సువాడ, అక్కణ్ణించి నస్రుల్లాబాద్ పోయాం. కాలువ నిండుగా ఉంది, నాట్లు పడుతున్నాయి. గాజు వీణ వెనుక సీట్లో ఉంది. ఎవరి పాటకు వచ్చిందో వాళ్లకే ఇచ్చేయాలని ఆమె పట్టుబట్టింది.

హెడ్‌మాస్టరు పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం. కుర్చీలు వేయించాడు గాని ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. కూర్చోగానే ఫోన్ తీసి సంస్థ పంపిన మెసేజ్ చదివి వినిపించాడు. మీ గాత్రం మా ప్రమాణాలను అందుకోలేదు, మరింత సాధన చేయగలరు.

"నలభై ఏండ్ల సంది పాడుతున్న. సాధన చెయ్యాల్నంట!"

టీచరమ్మ జరిగింది చెప్పింది. ఆయన కాసేపు కళ్లు మూసుకుని లెక్క కూడాడు. తర్వాత ఒక్కసారిగా వెలిగిపోయాడు.

"అంటే గెలిచింది నేను!"

"అవును. ప్రమాణం లేనిది నాది" అంది టీచరమ్మ.

"నేను చెప్పలె?" అని లోపలికి కేక వేశాడు. "ఇన్నవా? నేనే గెలిచిన!"

ఆయన భార్య టీ కప్పులు పట్టుకుని వచ్చింది. "ఎవరు ఇన్నరని గెలిచినవ్? వాళ్లు ఆడమనిషి పాటకు, మొగాయన పాటకు ఫరక్ తెల్వనోళ్లు. సంబురపడుతున్నవ్."

ఆయన ముఖం మళ్లీ ముడుచుకుంది. నేను గాజు వీణ తెచ్చి బల్ల మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా పేరు లేదు. మీ పేరు గూడ సక్కగ లేదు. ఇది ఎవరిదబ్బా అసలు?"

ఆ గాజు వీణను పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఎంతసేపు ఏసిన్రు?"

"అర నిమిషం. మీరు స కాడికి రాకముందే ఆపిన్రు" అని టీచరమ్మ చెప్పింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. అప్పుడు నాకు ఆయన మీద మొదటిసారి జాలి వేసింది. అవార్డు పోయినందుకు అలిగిన మనిషి వేరు, ఇప్పుడు నా ముందున్న మనిషి వేరు. స రాకముందే ఆపిన్రా అని తనలో తాను అనుకున్నాడు.

"అందుకే వచ్చిన" అంది టీచరమ్మ. "మిగిలింది ఇనిపించున్రి."

మార్వా సాయంత్రం పాడాలని, ఇప్పుడు పగలని ఆయన గునిశాడు. సాయంత్రం దాకా ఉంటమంది ఆమె. ఉన్నాం. పొద్దు వాలుతుండగా ఆయన తంబురా పెట్టె పక్కన పెట్టుకుని మొదలుపెట్టాడు. రిషభం దగ్గర, ధైవతం దగ్గర ఎంతసేపు తిరిగాడంటే, టీచరమ్మ చీర కొంగు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. చివరకు షడ్జమం మీదికి దిగినప్పుడు ఆమె హమ్మయ్య అని పైకే అంది. వాకిట్లో బట్టలు తీస్తున్న ఆయన భార్య కూడా ఆగి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తర్వాత టీచరమ్మ బేగడ పాడింది. ఆయన చివరిదాకా విని, బాగుంది గాని మీవాళ్లు ప్రతి స్వరాన్ని ఎందుకట్ల ఊపుతరు అన్నాడు. ఊపకుంటే అది స్వరమెట్ల అయితది అని ఆమె అందుకుంది. చీకటి పడేదాకా వాదించుకున్నారు.

మరుసటి ఏడు అధ్యక్షుడు నాకు ఫోన్ చేశాడు. టీచరమ్మను ఈసారి జడ్జిగా పెడతారట. ఆమెకే ఫోన్ ఇచ్చాను.

"కూసుంట. గని వచ్చిన పాటలన్ని మొత్తం ఇంట. నాతోని నువ్వు గూడ కూసోవాలె" అంది.

అటునుంచి ఏదో దగ్గు వినబడింది. మళ్లీ చేస్తా అమ్మా అన్నాడు. చేయలేదు. ఆ సంస్థ ఇప్పుడు పక్క జిల్లాలో అవార్డులు ఇస్తోందని విన్నాను. అక్కడ కూడా డీజే ఉండే ఉంటుంది.