నీరుగంటి ఏకాంబరం ఒప్పుకున్న నేరం

నీరుగంటి అంటే ఊరి చెరువుకు కాపరి. వంకలో నీళ్ళొస్తే చెరువులోకి మళ్ళించేవాడు అతనే, చెరువు నిండాక ఎవరి మడికి ఎంతసేపు పారాలో తేల్చేవాడూ అతనే. బంగారుపాళ్యం దాటాక, బెంగుళూరు రోడ్డు వదిలి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే ఊళ్ళో ఆ పని ఏకాంబరానిది. అతని తాత చేశాడు, నాయన చేశాడు, ఇప్పుడు ఇతను. నీళ్ళ దగ్గర మొహమాటం ఎరగని మనిషి. సర్పంచి ధనంజయ ఇంకో గంట పారించమని అరిచినా, "గట్టెక్కి అరిస్తే నీళ్ళు ఎక్కువ రావప్పా" అని మొహం మీదే చెప్పి కట్టేసేవాడు. అలాంటివాడు కోర్టులో ముద్దాయిగా నిలబడ్డాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక మాత్రం, అబ్బో, తలా ఒక మాట అన్నారు.

తొంభైతొమ్మిది జూన్ ఆఖర్లో మొదటి పెద్దవాన పడింది. తెల్లారేసరికి వంక పారుతోంది. ఏకాంబరం తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, వంక నుంచి చెరువుకు పోయే కాలువ మొదట్లో నిలబడ్డాడు. అక్కడ నీళ్ళకు అడ్డంగా మూడు కొయ్య పలకలు ఉంటాయి. వాటికి పసుపు పూసి, కుంకం పెట్టి, టెంకాయ కొట్టి, ఒక్కొక్కటిగా పైకెత్తాలి. ఎత్తడం మొదలుపెట్టాక మళ్ళీ దించకూడదు. దించితే ఆ ఏడు వాన మొహం చాటేస్తుందని ఆ ఊరి నమ్మకం. కొత్తనీళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నురగతోనే వస్తాయి కాబట్టి నురగ చూసి అతనికేమీ అనుమానం రాలేదు. మొదటి పలక ఎత్తాక వాసన వచ్చింది. మాగిన మామిడికాయ వాసన, దానితోపాటే ముక్కు మండించే పులిసిన ఘాటు.

"ఏందబ్బా ఇది" అని ఒక్క క్షణం ఆగాడు. చుట్టుపక్కల అన్నీ మామిడి తోటలే కదా, రాలిన కాయలు వాననీళ్ళలో కొట్టుకొచ్చి ఉంటాయిలే అనుకున్నాడు. పోనీ పలక దించుదామా అంటే, ఎలా దించుతాడు? రెండోదీ ఎత్తాడు, మూడోదీ ఎత్తాడు.

వంకకు పైన, రోడ్డు పక్కన ఒక జూస్ ఫ్యాక్టరీ ఉంది. కాయల కాలం రెండు నెలలూ లారీలకు లారీలు అక్కడ గుజ్జు చేస్తారు. తొక్కలు, టెంకలు, యంత్రాలు కడిగిన మందునీళ్ళు అన్నీ వెనకాల తవ్విన గుంతలోకి వదులుతారు. గుంత నిండిపోయింది. వాన ఎప్పుడు పడుతుందా అని కాచుకుని, పడగానే గుంతగట్టు తెగ్గొట్టేశారు. వంకలో కలిసిపోతే ఎవడు కనిపెడతాడని వాళ్ళ ధైర్యం! మామూలు వాననీళ్ళతో పాటు ఆ కుళ్ళంతా ఏకాంబరం ఎత్తిన పలకల కింద నుంచే చెరువులోకి పోయింది.

నాలుగోరోజు చేపలు తేలాయి. పదోరోజుకు నీళ్ళు నల్లబడ్డాయి. గేదెలు చెరువు దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి తిరిగాయి. చెరువు కింద బావుల్లో నీళ్ళు నోట పెట్టలేకపోయారు. ఆ నీళ్ళు పారిన నారుమళ్ళు మాడిపోయాయి. ఏటా వచ్చే కొంగలు ఆ ఏడు రాలేదు. ఏకాంబరం చెరువుకట్ట మీద కూర్చుని ఏడవడం అతని పెళ్ళాం సిద్ధమ్మ తన కాపురంలో చూడడం అదే మొదటిసారి.

ఏకాంబరం వంక వెంబడి పైకి పోయి, తెగిన గుంతగట్టు చూసి, నేరుగా పోలీసుస్టేషనుకు పోయాడు. ఎస్సై కలం తీసి అడిగాడు.

"ఎవరు చచ్చిపోయారు?"

"చెరువు సామీ."

"మనుషుల్లో?"

"మనుషులు ఎవురూ లేదు. చెరువే సచ్చిపోయింది."

ఎస్సై నవ్వాడు. చెడ్డవాడేం కాదు, కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించాడు. ఇది పోలీసు పని కాదు, కాలుష్యం ఆఫీసు వాళ్ళకు అర్జీ పెట్టుకో, వాళ్ళు నోటీసు ఇస్తారని చెప్పాడు.

"నోటీసు నాకొద్దు సామీ. ఇది నేరమని రాయండి. కోడిని ఎత్తుకపోతే నేరమని రాస్తారే, చెరువును చంపితే రాయరా?"

రాయలేదు.

ఊళ్ళో ధనంజయ పిలిపించాడు. అతని బావీ చెడిపోయింది, అతని నారూ మాడింది. అయినా అతనికి పదెకరాల మామిడి తోట ఉంది.

"వాళ్ళు కాయలు కొనకపోతే మన తోటలు నరికి కట్టెలకు అమ్ముకోవాల ఏకాంబరం. ఊరికి బోరు వేయిస్తామని చెప్పినారు. ఇంక నువ్వు ఊరికే ఉండు."

"బోరు వేస్తే చెరువు బతుకుతాదా అప్పా?"

"బతకదు. నాకు తెలీదా? కానీ మనం బతకాల కదా."

ఇద్దరిలో ఎవరిది తప్పు అనడానికి లేదు. ఏకాంబరం మాత్రం మర్నాడే చిత్తూరు బస్సెక్కాడు.

కోర్టు దగ్గర రాజారత్నం అనే వకీలు ఉండేవాడు. కేసులు తక్కువ, చదువు ఎక్కువ. చెప్పిందంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, నిరుడు జరిగిన సంగతొకటి చెప్పాడు. రోమ్ నగరంలో చాలా దేశాలవాళ్ళు కూడి, లోకమంతా ఒప్పుకోవాల్సిన పెద్ద నేరాలేవో రాసుకున్నారట. ఒక జాతిని తుడిచిపెట్టడం, యుద్ధంలో చేసే ఘోరాలు, ఇలాంటివి. నేలనూ నీళ్ళనూ అడవినీ కావాలని పెద్దఎత్తున నాశనం చేయడం కూడా నేరమేనని అంతకు ముందే కొందరు పెద్దలు చిత్తులో పెట్టారట. తర్వాత దాన్ని తీసేశారట.

"పూర్తిగా తీసేసినారా సామీ?"

"ఒక్క ముక్క మిగిల్చినారు. యుద్ధంలో చేస్తే నేరం."

ఏకాంబరం తల పంకించాడు. "అయితే ఆ ఫ్యాక్టరీవాడు ముందు మా ఊరిమీద యుద్ధానికి వచ్చుండాల్సింది."

రాజారత్నం పెద్దగా నవ్వాడు. నవ్వి, ఎదుటివాడు నవ్వలేదని చూసి ఆపేశాడు.

"మన దేశం చట్టంలో చిన్న సెక్షన్ ఒకటుండాదిలే. పదిమంది వాడుకునే నీళ్ళను తెలిసి చెడగొడితే నేరం. పెద్ద శిక్ష కాదు. కానీ 'తెలిసి' అనే మాటుండాది సూడు, అందులోనే చిక్కంతా. మాకు తెలీదు, వానకు గట్టు తెగిందని వాళ్ళంటారు. చెరువులోకి నీళ్ళు వదిలింది నీరుగంటి కదా అంటారు. నువ్వేమో నాకు తెలీదంటావు. ఎవరికీ తెలీకపోతే నేరమే లేదు, కేసే లేదు."

"నాకు వాసన వచ్చినాది సామీ."

"ఏమన్నావు?"

"మొదటి పలక ఎత్తినప్పుడే వచ్చినాది. వచ్చినా తక్కిన రెండూ ఎత్తినాను. అది తెలిసినట్టా, తెలీనట్టా?"

రాజారత్నం చుట్టూ ఒకసారి చూశాడు. "ఆ మాట నువ్వు బయట అనకూడదప్పా" అన్నాడు.

ఏకాంబరం అన్నాడు. కాగితం మీద పెట్టించాడు. మొదటి ముద్దాయి నేను, రెండో ముద్దాయి ఫ్యాక్టరీ మేనేజరు అని అర్జీ రాయించి, వకీలుతో కోర్టులో వేయించి, కేసు కట్టేదాకా వదల్లేదు. నేరం చేశానని ఒకడు తానే ముందుకొస్తే పోలీసులు మాత్రం ఎన్నాళ్ళు కాదంటారు? రాజారత్నం ఎంత చెప్పినా వినలేదు. సిద్ధమ్మ మూడురోజులు మాట్లాడలేదు. ఊరివాళ్ళు అతని పలకలు లాక్కుని ఇంకొకడికి ఇచ్చారు. మూడు తరాల పని అలా పోయింది.

రెండువేల ఒకటిలో కేసు విచారణకు వచ్చింది. ఆ రోజు పొద్దున కోర్టు వరండాలో రాజారత్నం చెవిలో చెప్పాడు. మేనేజరు మీద ఆధారాలు లేవని పేరు కొట్టేశారు. మిగిలింది ఒక్క ఏకాంబరం.

"ఇప్పుడు జడ్జీగారు అడుగుతారు. నాకు తెలీదు సామీ అను, చాలు. సాక్షులెవరూ లేరు, కేసు కొట్టేస్తారు. మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోదువు."

"కొట్టేస్తే ఏమని రాస్తారు?"

"నేరం రుజువు కాలేదని రాస్తారు."

ఏకాంబరం పంచె సర్దుకున్నాడు. పిలుపు వచ్చింది. బోనెక్కాడు. జడ్జీ కాగితం చదివి, కళ్ళెత్తి చూశాడు.

"నేరం ఒప్పుకుంటావా?"

రాజారత్నం కింద నుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. వెనక బల్ల మీద ధనంజయ కూర్చుని ఉన్నాడు. ఎందుకు వచ్చాడో అతనికే తెలియాలి. ఏకాంబరం జడ్జీ వైపే చూశాడు. మాట స్పష్టంగా వచ్చింది.

"ఒప్పుకుంటా సామీ. చెరువును చెడగొట్టేది నేరమే. ఆ పలక నేను దించుండాల్సింది."

జరిమానా వేశారు. దానితోపాటు కోర్టు లేచేదాకా వెనకాల నిలబడే శిక్ష. సాయంత్రం ఐదింటి దాకా గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది ధనంజయే. తాగాక, తీర్పు నకలు కావాలని అర్జీ పెట్టమని రాజారత్నానికి చెప్పాడు ఏకాంబరం.

ఆ నకలు పటం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టాడు. సిద్ధమ్మకు ఒళ్ళు మండింది.

"నేరం చేసినానని రాసిన కాగితాన్ని గోడకు తగిలించే మొగోణ్ణి నిన్నే సూసినా! సిగ్గులేదూ?"

"సిగ్గుండాది. అయినా ఉండనీమే."

ఐదేళ్ళు గడిచాయి. చెరువు కొంచెం కొంచెంగా తేరుకుంది గానీ, మునుపటి చేపలు మళ్ళీ రాలేదు. కొత్త నీరుగంటి వంకనీళ్ళు వచ్చినప్పుడల్లా ముందు ఏకాంబరాన్ని పిలుచుకుపోయేవాడు. ఏకాంబరం దోసిట పట్టి వాసన చూసి, సరే అన్నాకే పలక లేచేది. ఒకసారి మాత్రం సరే అన్నాక కూడా, మొదటి పలక ఎత్తగానే వాసన మారిందని వద్దన్నాడు, ఎత్తిన పలకను మళ్ళీ దించారు. ఆ ఏడూ వానలు పడ్డాయి.

రెండువేల ఆరు వేసవిలో కాణిపాకం వైపు ఊరొకటి నుంచి నలుగురు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ వంకలోకీ ఎవరో కుళ్ళునీళ్ళు వదిలారు. స్టేషన్లో ఇది నేరం కాదు పొమ్మన్నారు. చిత్తూరులో రాజారత్నం అనే వకీలు ఈ ఇల్లు చెప్పి పంపాడట. వాళ్ళలో పెద్దాయన గోడమీది పటాన్ని చూసి, అడగడానికి మొహమాటపడి నిలబడిపోయాడు.

ఈసారి లేచింది సిద్ధమ్మ. స్టూలెక్కి పటం దించి, కొంగుతో దుమ్ము తుడిచి మొగుడి చేతికి ఇచ్చింది. ఏకాంబరం వెనక అట్ట ఊడదీసి, కాగితం తీసి పెద్దాయన ముందు పరిచాడు.

"తీసుకపోయి జిరాక్సు తీయించుకోండప్పా. చెరువును చెడగొడితే నేరమని జడ్జీగారే రాసినారు. అంతా సరిగ్గానే ఉండాది," అని తన పేరు మీద వేలు పెట్టి చూపించాడు. "మీ అర్జీలో ఈ ఒక్కటి మాత్రం మార్చి, ఆ నీళ్ళు వదిలినోడి పేరు రాయించండి."