నడుస్తది అన్న మాట

యాకుత్‌పురా దాటాక రైలు ఒక్క కుదుపుతో ఆగింది. పక్కన కూర్చున్న మనిషి ఒళ్లోంచి పెద్ద బోర్డు జారి, దాని అంచు నా మోకాలికి కొట్టుకుంది. పాత చీరలో చుట్టి, పురికొసతో కట్టిన బోర్డు.

"మాఫ్ చెయ్యి బాపూ. మస్తు తాకిందా?"

"నడుస్తది భాయ్," అన్నాను.

దెబ్బ తగిలింది నాకు. ముఖం మాడింది అతనికి. తల వంచుకుని, ఊడిపోయిన పురికొస మళ్లీ మళ్లీ ముడేస్తూ కూర్చున్నాడు. సిగ్నల్ పడలేదు. ఊరకుండడం నాకు చేతకాదు. కదిపాను.

పేరు ప్రకాశం. ఉప్పుగూడలోనే పుట్టి పెరిగాడు. తండ్రి రైల్వేలో పట్టాలు సరిచేసే పని. ఇతని బతుకుతెరువు తలుపులు తట్టడం. ఎవరి సర్వే అయినా సరే, హుస్సేనీ ఆలంలో ఉర్దూలో అడిగి, లాల్‌దర్వాజాలో తెలుగులో అడిగి, చాయ్ ఇచ్చినచోట తాగి, కుక్క ఉన్నచోట గేటు బయటినుంచే కేకేసి నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఒక కంపెనీలో చేరాడు. పల్లెలు ఎంత స్మార్టో, ఆ బాగు ఎన్నాళ్లు నిలుస్తుందో కొలిచి మార్కులు వేసే కంపెనీ.

"అంటే ఊరికి తెలివి ఎంతుందో కొలుస్తరా?"

"మా ఇంటామె లీలమ్మ గూడ గిదే అడిగింది బాపూ. ముందుగాల నీది కొలుసుకొని పో అన్నది."

నవ్వాడు గానీ ఆ నవ్వు పెదవి దాటలేదు.

పూర్వం పొలాన్ని గొలుసుతో కొలిచారు, ధాన్యాన్ని కుంచంతో కొలిచారు. శిస్తు కోసం ఊళ్లను కొలిపించిన దొరల సంగతులు పుస్తకాల్లో బోలెడు చదివాను. ఊరిని పట్టుకుని 'ఎట్లున్నావు' అని అడిగినవాడు మాత్రం తగల్లేదు. ఇప్పుడు అడుగుతున్నారు, మంచిదే. జవాబు అర్థం చేసుకోవడం వేరే విద్య. మాట దారి తప్పింది, అలవాటు అలాంటిది. ప్రకాశం దగ్గరికి వస్తాను.

పోయిన చలికాలం అతన్ని షాద్‌నగర్ అవతల ఒక ఊరికి పంపారు. వీధి దీపాలు, చెత్తబండి, వైఫై అన్నీ అడిగాడు. ఆఖరి ప్రశ్న నీళ్లది. ఫోనులో రెండే జవాబులు: పనిచేస్తోంది, పనిచేయడం లేదు.

"సాయవ్వ అని ఒక ముసలామె. నల్లా నడుస్తదా అవ్వా అన్న. నడుస్తది బిడ్డా అన్నది. పనిచేస్తున్నదని కొట్టిన. ఊరంత గదే మాట అన్నది. ఊరంతకు గట్లనే కొట్టిన."

"ఇందులో నీ తప్పేముంది?"

"మా ఇంట్ల నల్లా రానినాడు లీలమ్మ పక్కింట్ల బిందెడు అడుక్కొస్తది. ఎట్లనే అంటే, నడుస్తది తియ్యి అంటది. ఎట్లనో సర్దుకుంటం అని గా మాట మతలబు, నాకు తెల్వదా బాపూ? సాయవ్వ అరుగు మీద బిందెలు బోర్లిచ్చి ఉన్నయి. కండ్లతోని చూసిన. పొద్దు గూకుతుంది, ఇండ్లు ఇంక మిగిలినయి. కొట్టేసిన."

ఊరికి మార్కులు దండిగా పడ్డాయి. నీళ్లకు కొదవలేని ఊరికి ట్యాంకర్ ఎందుకని ఈ ఎండాకాలం ట్యాంకర్ ఆపేశారు. ఇవాళ అక్కడ ఆ మార్కులకు అభినందన సభ. ఆ మార్కులు రాసి ఊరి మొగదల నిలబెట్టే బోర్డే నా మోకాలికి తగిలింది.

"నిన్న సాయవ్వ ఫోన్ చేసింది. తిట్టలే. తిడితే బాగుండు. సభకు నువ్వు గూడ వస్తవట గద బిడ్డా, తాగనీకి నీళ్లు ఏడికెళ్లి తేవాలె నీకు, గదే ఫికరయితుంది అన్నది."

రైలు కదిలింది. ఉప్పుగూడ వచ్చింది. సొంత ఇల్లున్న వైపు అతను కన్నెత్తి చూడలేదు. ఫోన్ తీసి కంపెనీలో తన పై మనిషికి కలిపాడు. చేతులు బోర్డు మీద ఉండడంతో స్పీకర్ పెట్టాడు.

"కేశవ్ సార్, ఆ ఊర్ల నీళ్లు లేవు. నేనే తప్పు కొట్టిన. బోర్డు ఆపుర్రి, ట్యాంకర్ మల్ల పంపమని చెప్పుర్రి."

"ఇప్పుడేంది ప్రకాశం గీ లొల్లి? టెంటు గూడ ఏసిన్రు. మార్చుడు పెడితే నీ నౌకరి పోతది, నాది గూడ పోతది. వచ్చే ఏడు సర్వేల చూద్దాం. అందాక నడుస్తది. నేను ఫలక్‌నుమా టేషన్ బయట కార్ల ఉన్న, జల్దీ రా."

"నడవది సార్," అన్నాడు ప్రకాశం. అవతల అప్పటికే పెట్టేశాడు.

ఫోన్ జేబులో పెట్టి నా వైపు తిరిగాడు. "బాపూ, సభల మైకు ఉంటది గద?"

"ఉంటుంది."

"ఎవరైనా మాట్లాడొచ్చా?"

"ఆపేదాకా మాట్లాడొచ్చు," అన్నాను.

ఫలక్‌నుమాలో ఇద్దరం కలిసే దిగాం. బోర్డు ఒక కొస నేనే పట్టాను. గేటు బయట తెల్ల కారు, దాని పక్కన చేయి ఊపుతున్న కేశవ్. ప్రకాశం వెనక తలుపు తీసి, బోర్డు సీటు మీద పడుకోబెట్టి, తలుపు మూశాడు.

"ముందల ఎక్కు," అన్నాడు కేశవ్.

ప్రకాశం ఎక్కలేదు. పక్క బండి మీద నీళ్ల సీసా ఒకటి కొని చంకలో పెట్టుకున్నాడు. కేశవ్ రెండుసార్లు పిలిచాడు. పోయేటప్పుడు ఎంత తొందరైనా 'వస్త బాపూ' అనడం ఇక్కడి అలవాటు కదా, నేనూ ఆ మాట కోసం నిలబడ్డాను. అతను మా ఇద్దరినీ దాటుకుని, షాద్‌నగర్ బస్సులు దొరికే ఆరాంఘర్‌కు ఆటోలు ఆగే దిక్కుకు నడిచి వెళ్లిపోయాడు.