కూత విన్న చెవి

మా ఆయన సూరత్ స్టేషన్లో టీసీ. ఆదివారం సెలవు దొరికిందంటే నల్లకోటు తీసి, మెడలో విజిల్ వేసుకుని కబడ్డీ రిఫరీ అయిపోతాడు. ఇంట్లో బల్బు మార్చమంటే వారం తిప్పుతాడు కానీ, మైదానంలో సున్నం గీతలు గీయడానికి మాత్రం పిలవకుండానే పోతాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఆదివారం మా ఊళ్ళోనే పర్వత్ పాటియాలో ఆట. ఆడేవాళ్ళంతా కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచా మగ్గాల మీద బట్ట నేసే మనవాళ్ళే. నేనూ చూడటానికి వెళ్ళాను. చివర్లో పాండేసర పేట జట్టు కుర్రాడొకడు కూతకు వెళ్ళి, ఇద్దరిని తాకి, గీత దాకా వచ్చేశాడు. జనం ఒకటే గోల. అంతలో మా ఆయన విజిల్ ఊది ‘ఔట్’ అన్నాడు. గీత దాటకముందే కూత తెగిందట. ఆ గోలలో అది పక్కనే ఉన్న మా ఆయనకు తప్ప ఇంకెవరికీ వినబడలేదు.

“ఏడ తెగింది బే?” అంటూ ఆ కుర్రాడు వచ్చి ఎడమ గూబ మీద ఒక్కటిచ్చాడు. మా ఆయన అక్కడే కూలబడ్డాడు.

కర్ణభేరి చిరిగిందన్నాడు డాక్టరు. చాలామందికి దానంతటదే అతుక్కుంటుంది, చూద్దాం అన్నాడు. అటునుంచి అటే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. ఎస్సై ఓపిగ్గానే విన్నాడు. ఇది మామూలు దెబ్బల కిందికి వస్తుంది, రాసుకుంటాను కానీ కోర్టు చెప్పందే ఏమీ చేయలేను అన్నాడు. చెవి శాశ్వతంగా పోయిందని తేలితే మాత్రం పెద్ద కేసవుతుంది, కుర్రాడు జైలుకు పోతాడు అని కూడా చెప్పాడు. ఇంతలో మా ఆయన జేబులోని రైల్వే కార్డు చూశాడు.

“డ్యూటీ పర్ థే క్యా?” అని అడిగాడు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని కొడితే లెక్క వేరట, ఇప్పుడే పట్టుకొస్తాడట.

“హా సాబ్, డ్యూటీ!” అన్నాను నేను, ముందూ వెనకా చూడకుండా.

“నై సాబ్. ఛుట్టీ” అని సెలవు సంగతి చెప్పేశాడు ఈ మహానుభావుడు.

దారంతా దులిపేశాను. “అదే మనిషి, అదే చెంప. నల్లకోటుంటే చట్టం కాపాడుతదట, విజిలుంటే కాపాడదట! ఏం చట్టమయ్యా ఇది? ఒక్క మాట అవునంటే నీ సొమ్మేం పోయేది?”

“లేనిది ఉన్నదంటే నేనేం రిఫరీనే?” అన్నాడు.

తర్వాత రోజూ అడిగేదాన్ని, చెవి ఎలా ఉందని. “తగ్గింది. మంచిగ ఇనబడుతుంది” అనేవాడు. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోదామంటే ఎందుకు, తగ్గిందిగా అనేవాడు. నమ్మాను.

కొన్నాళ్ళకు సంఘం పెద్దలు ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. మావాళ్ళలో తగాదా తీరడమంటే ఇద్దరూ ఒకచోట కూర్చుని ఛాయ్ తాగడమే. తాగి లేచారంటే రాజీ అయినట్టే, ఇంక ఎవరూ నోరెత్తకూడదు. అందుకే నేను పొయ్యి వెలిగించలేదు.

“చెల్లె, జర ఆలోచించు” అన్నాడు పెద్దాయన. “కేసని తెలిస్తే సేఠ్ పనిలకెళ్ళి తీసేస్తడు. పెండ్లాం నీళ్ళోసుకున్నది. మనోడే గదా.”

“మా ఆయన మనోడు కాదా?” అన్నాను. అన్నానే గానీ, గోడ వారగా ముడుచుకు నిలబడ్డ ఆ కుర్రాణ్ణి చూస్తే పాపం అనిపించింది.

మా ఆయన మాత్రం పెద్దాయనవైపే చూస్తూ, “సరే అన్నా, కేసు వాపస్ తీసుకుంట. కొట్టినా అడిగేటోడు లేకుంటే వచ్చే ఐతారం విజిల్ ఎవరు పడతరు? నువ్వు పడతవా?” అన్నాడు. పెద్దాయన తల గోక్కున్నాడు.

అప్పుడు ఆ కుర్రాడు వచ్చి మా ఆయన ఎడమ పక్కన చాప మీద కూర్చున్నాడు. తలెత్తకుండా, గొంతులోనే అన్నాడు. “అన్నా, కూత తెగింది నిజమే. నాకు ఎరుకే. తప్పయింది.”

గుమ్మం దగ్గరున్న నాకు కూడా వినబడింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట కోసం నేనెంత కాచుకున్నానో! అమ్మయ్య అనుకుని మా ఆయన వైపు చూశాను.

“చెప్పన్నా, పడతవా?” అంటున్నాడు పెద్దాయనతో, పక్కన ఎవరూ నోరు విప్పనట్టే.

గదిలో అందరూ ఆయన్నే చూశారు. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకు చూస్తున్నారో మా ఆయనకు కాసేపటికి అర్థమై, చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. నన్ను చూసి, పోలీస్ స్టేషన్లో చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈయన్ని కాపాడటానికి ఒక్క చట్టమూ లేకపోయింది. ఈయన మాత్రం కొట్టినవాడు జైలుకు పోకుండా తన చెవిటితనాన్ని నా దగ్గర కూడా దాచాడు.