శరణానికో చుట్టు

మొదటి స్మార్ట్‌ఫోన్ చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు ఏకాగ్రత తక్కువ అనడం నా మీద దయ చూపడమే అవుతుంది. చదువు అబ్బలేదని ఇంట్లోవాళ్ళు నన్ను నరసరావుపేటలో మా మేనమామ దగ్గర పనిలో పెట్టారు. ఆయనది బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. నీళ్ళలో మునిగి ఉండే మోటారుకు తీగను మిషన్‌తో చుట్టరు. ఇనుప గొట్టం ముందు కూర్చుని, లోపలి సన్నటి గాడుల్లోంచి ఒక్కో చుట్టూ చేత్తో లాగుతూ మనసులో లెక్కపెట్టుకోవాలి. చుట్లు తగ్గితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. నాకేమో రెండు చుట్లు లాగగానే ఫోన్ చూడాలనిపించేది. "ఒరేయ్, ఆ ఫోన్ని కూడా మోటార్లో పెట్టి చుట్టి బోర్లో దించుతా" అనేవాడు మామయ్య. ఆయన కోపం బజారంతటికీ తెలుసు.

చివరికి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, నిష్ఠ, నిగ్రహం. ఫోన్ అమ్మకిచ్చేశాను. (మాలలో ఉన్నవాణ్ణి ఎవరూ తిట్టకూడదన్న సంగతి కూడా నా భక్తికి కొంత ఊతమిచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) అదే రోజు, కోపాన్ని జయిద్దామని మామయ్య కూడా మాల వేసుకున్నాడు. ఇక షాపులో నేనూ స్వామినే, ఆయనా స్వామే. "స్వామీ, తమరు ఆ తీగ తొక్కుతున్నారు స్వామీ" అంటున్నప్పుడు ఆయన మెడ నరాలు ఉబ్బేవి.

భక్తినీ పనినీ కలిపేద్దామన్న గొప్ప ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. చుట్టుకో శరణం చెప్పుకుంటే పుణ్యమూ వస్తుంది, లెక్కా కుదురుతుంది. నాలుగు రోజులు బ్రహ్మాండంగా సాగింది. ఇంతలో రాజుపాలెం నుంచి ఒక రైతు బాబాయి మోటారు తెచ్చాడు. "మిరప చేను పూత మీదుంది అబ్బాయ్. నీళ్ళు లేకపోతే మొత్తం రాలిపోద్ది. ఎట్టయినా రేపటికి కావాల" అన్నాడు. నేను శరణాలు చెప్పుకుంటూ కూర్చున్నాను. మా షాపు గుడికి వెళ్ళే దారిలో ఉంది. మధ్యాహ్నం భిక్షకు వెళ్ళే స్వాములు ఒక్కొక్కరూ లోపలికి తొంగిచూసి "స్వామి శరణం" అనడం, నేను "స్వామి శరణం" అని బదులివ్వడం. బదులిచ్చిన శరణాలు కూడా చుట్ల లెక్కలో కలిసిపోతున్నాయేమోనని ఒకసారి అనుమానం వచ్చింది. విప్పి చూడాలంటే బద్ధకమేసింది. అంతా స్వామే చూసుకుంటాడని సరిపెట్టుకుని ముగించేశాను.

స్వామి చూసుకోలేదు. బోర్లో దించిన రోజే మోటారు కాలింది. దించిన పైపులన్నీ మళ్ళీ పీకించి, బాబాయి దాన్ని ట్రాక్టర్లో వేసుకొచ్చాడు.

మామయ్య గొట్టం విప్పి చుట్లు లెక్కపెట్టాడు. పళ్ళు బిగించి, "స్వామీ, తమరు లెక్కపెట్టింది ఏంది స్వామీ?" అని అడిగాడు.

"శరణాలు స్వామీ."

"మరి చుట్లు ఎవరు లెక్కపెట్టారు స్వామీ?"

బాబాయికి మాల లేదు. "ఏందయ్యా, స్వాములు గదా అని ఊరుకుంటంటే! ఆడ నా పూత ఎండిపోతంటే ఈడ నువ్వు భజన చేస్తన్నావా? నీ చేతులు పడిపోను! తీగ చుట్టమంటే నా కొంప చుట్టావు గదరా!" అంటూ మొదలుపెట్టి మా వంశాన్నంతా తిరిగొచ్చాడు. మామయ్య కళ్ళు మూసుకుని, సంగీతం వింటున్నట్టు తలాడిస్తూ విన్నాడు. బాబాయి ఆగగానే, "ఇంకేమన్నా ఉంటే కానీ బాబాయ్. నేను మాలలో ఉన్నా" అన్నాడు.

"ఈసారి నువ్వే చుట్టు. ఈడి చెయ్యి పడితే ఒప్పుకోను" అన్నాడు బాబాయి. "లేదు, నేనే చుడతాను" అన్నాను. మామయ్య తీగ చుట్ట నా ముందుకు తోశాడు. "నోట్లో శరణం వద్దు. చేతిలో తీగే నీ పూజ. దేవుడు ఏమనుకోడు, ఈ బాబాయే అనుకుంటాడు. ఇది కూడా కాలిందంటే మీ ఇంటికి పోవచ్చు స్వామీ."

కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు. వేళ్ళు కోసుకుపోయినా తలెత్తలేదు. గుమ్మంలో "స్వామి శరణం" వినిపించింది. నేను పలకలేదు. మామయ్యే వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడి, వచ్చిన ప్రతి స్వామికీ నా తరఫున ఒకటి, తన తరఫున ఒకటి శరణం చెప్పి పంపించాడు.

మర్నాడు బాబాయి మామయ్యకు ఫోన్ చేశాడు. "నీళ్ళు పడతన్నయ్. పూత చానా వరకు నిలబడింది. ఆ స్వామికి చెప్పు" అన్నాడు. కొండకు వెళ్ళొచ్చి మాల తీసిన వెంటనే మామయ్య "ఒరేయ్, ఇట్రా" అని పిలిచి, దీక్షంతా దాచుకున్న తిట్లను ఒక్కటీ మిగల్చకుండా అప్పజెప్పాడు. నాకు హాయిగా అనిపించింది.

ఇప్పుడు ఆ షాపు నాదే. నిన్న చుట్లు ఎక్కిస్తుంటే గుమ్మంలోంచి మా ఆవిడ "ఏందయ్యా, కాఫీ చల్లారిపోతంది, పలకవే?" అంది. "వస్తన్నా" అనేశాను. లెక్క పోయింది. ఇంత వయసొచ్చినా! కాసేపు తీగ వంక చూసి నవ్వుకున్నాను. తర్వాత మొత్తం విప్పేసి, ఒకటి నుంచి మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోయింది.