నేను రాయని పరిచయం

దెయ్యాల గురించిన పుస్తకాలకు లైబ్రరీల్లో ఒక నంబరుంది. 133.1. మా దగ్గర రెండో అంతస్తులో, ఎడమవైపు ర్యాకులో ఉంటాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దెయ్యాలతో నా సంబంధం అంతవరకే. మా అత్తగారు దిష్టి తీస్తానంటే నిలబడతాను, అది కూడా ఆవిడ తృప్తి కోసం. ఒక వస్తువు కనబడలేదంటే ఎవరో తప్పు చోట పెట్టారని అర్థం. కొత్తగా కనబడిందంటే ఎవరో తెచ్చి పెట్టారని అర్థం. మా వృత్తి నేర్పే నమ్మకం అదొక్కటే. ఇప్పుడు చెప్పబోయే సంగతికి కూడా ఆ లెక్క కుదురుతుందేమోనని చాలా రోజులు చూశాను. కుదరలేదు.

నేను బెంగుళూరులో, వర్తూరు దాటాక ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. యూనివర్సిటీ పేరు చెప్పను. నా పేరు కూడా వద్దు.

మా లైబ్రరీ నెలనెలా ఒక పత్రిక తెస్తుంది. పత్రిక అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చే నాలుగు పేజీలు, అంతే. కొత్తగా వచ్చిన పుస్తకాలు, పరీక్షల రోజుల్లో మారే వేళలు, ఫలానా శనివారం ఏసీ పనిచేయదన్న వార్త. నాలుగో పేజీలో మాత్రం యూనివర్సిటీ సిబ్బందిలో ఒకరి పరిచయం ఉంటుంది, ఫోటోతో సహా. అంతా ఇంగ్లిషులోనే. రాసేది, పేజీలు కూర్చేది, ప్రెస్సుకు పంపేది నేనొక్కదాన్నే. చాకిరీ తప్ప పేరు రాని పని కాబట్టి దీనికి పోటీ కూడా లేదు.

పరిచయానికి నాదొక పద్ధతి. మనిషిని నా టేబుల్ ఎదురుగా కూర్చోబెట్టి అయిదే ప్రశ్నలు అడుగుతాను. ఏ ఊరు? ఇక్కడ ఎన్నేళ్ళు? లైబ్రరీలో మీకిష్టమైన చోటు ఏది? పాఠకులకు ఏం చెబుతారు? మీ గురించి ఇక్కడ ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పండి. కంప్యూటర్లు వచ్చాక పనికిరాకుండా పోయిన పాత కేటలాగు కార్డుల వెనక పెన్సిల్‌తో జవాబులు రాసుకుంటాను. మనిషికొక కార్డు. అచ్చయిన వరుసలోనే వాటిని సొరుగులో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి నా బ్యాగులో ఉంటుంది.

ఓబులేసు మా షెల్ఫుల మనిషి. పిల్లలు చదివి టేబుళ్ళ మీద వదిలేసిన పుస్తకాలను తోపుడు బండిలో వేసుకుని ఎక్కడివక్కడ సర్దడం ఆయన పని. కదిరి దగ్గరి పల్లె నుంచి కట్టడాల మీద బేల్దారి పనికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఇంగ్లిషు అక్షరం రాదు. కానీ పుస్తకం వీపు మీది అంకె చూస్తే చాలు, అదేమిటో, ఎక్కడిదో చెప్పేవాడు. 641 అంటే వంట, 530 అంటే ఫిజిక్స్. పీహెచ్‌డీ చేసేవాళ్ళకు కూడా ఆయనే దారి చూపేవాడు.

ఆయన మా ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. రెండు మూడేళ్ళకోసారి ఏజెన్సీ మారేది, మెడలో కార్డు మారేది. ఆ మనిషి మాత్రం అదే బండి తోసేవాడు. పత్రిక కట్టలు ప్రెస్సు నుంచి వచ్చినప్పుడల్లా ఒక కాపీ తీసుకుని నాలుగో పేజీ తిప్పి చూసేవాడు.

"నన్నెప్పుడేస్తారు మేడమ్ పేపర్లో?"

"వచ్చే నెల, ఓబులేసన్నా."

ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఏజెన్సీ మనుషులను వేయకూడదన్న రూలేమీ లేదు. కొత్తగా చేరిన డాక్టరేట్ల లెక్చరర్లు ముందు పడాలి కదా, వాళ్ళు నొచ్చుకుంటే ఎలా! నాలుగేళ్ళ కిందట ఒక ఏప్రిల్ సంచికకు పరిచయం చేయడానికి కొత్తవాళ్ళెవరూ లేరు. అప్పుడైనా ఆయనను పిలవాల్సింది. హిందూపురంలో మా చెల్లెలి సీమంతం, నాలుగు రోజులు సెలవు పెట్టాను, బస్సు తొందర. గేటు దగ్గర కొత్తగా పెట్టిన, పుస్తకాలు తిరిగి వేసే ఇనప డబ్బా ఫోటోను పెద్దది చేసి నాలుగో పేజీ నింపేసి, గురువారం సాయంత్రం ప్రెస్సుకు పంపేశాను. మనిషికి ఇవ్వని చోటు డబ్బాకు ఇచ్చాను. అప్పుడే సిగ్గేసింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

సెలవు నుంచి వచ్చేసరికి కట్టలు కౌంటర్ మీద ఉన్నాయి. అచ్చయ్యాక నేను విప్పి చూడను. తప్పు దొరికితే మనశ్శాంతి పోవడం తప్ప ఏమీ ఒరగదు. ఆ తర్వాత ఓబులేసు మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. విసిగిపోయాడనుకున్నాను. ఊరికి పోయి వచ్చినప్పుడల్లా నాకు సంచీడు పచ్చి శెనక్కాయలు తెచ్చిచ్చేవాడు. ఎందుకన్నా అంటే నవ్వేవాడు. మంచితనం అనుకుని తీసుకునేదాన్ని.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం ఉదయం, ఇంట్లోనే గుండెపోటుతో పోయాడు.

మా యూనివర్సిటీలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. పదేళ్ళు దాటి పనిచేసిన మనిషి పోతే, ఏజెన్సీ మనిషైనా సరే, ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. కానీ పదేళ్ళకు కాగితం చూపించాలి. ఓబులేసు కార్డు మీద ఉన్నది రెండేళ్ళే. పాత ఏజెన్సీల్లో ఒకటి మూతపడింది, ఇంకొకటి ఫోనెత్తదు. మా చీఫ్ లైబ్రేరియన్ వచ్చిందే మూడేళ్ళ కిందట. ఆయన మంచివాడే, కన్నడాయన, పాపం ఆఫీసుతో రెండుసార్లు మాట్లాడారు కూడా. ఏదో ఒక పాత కాగితం, అచ్చులో ఉన్నదైతే మరీ మంచిది, శుక్రవారం లోగా తెమ్మన్నారు.

బుధవారం ఓబులేసు పెద్దకూతురు భారతి వచ్చింది. పీయూసీ, అంటే ఇంటర్, అయ్యాక చదువు ఆగింది. ఇక్కడ పనిచేస్తూ సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదవాలని ఆ పిల్ల ఆశ. ఇది కాకపోతే మేనమామ జిగణిలో ఒక ఫ్యాక్టరీ పని చూసి పెట్టాడు. పొద్దున పోతే చీకటి పడ్డాక రావాలి, ఇక చదువు ఊసెత్తే పనే ఉండదు. తల్లికి నడుము నొప్పి, తమ్ముడు ఇంకా స్కూల్లో ఉన్నాడు. ఎవరో ఒకరు పనికి పోక తప్పదు.

కాగితం సంగతి చెప్పగానే ఆ పిల్ల ముఖం వెలిగింది.

"పేపర్లో ఏసినారు కదా మేడమ్ మా నాయన్ని? ఎన్నేండ్లు పనిచేసినాడో అంతా రాసుండాదంట కదా. అది చాలదా?"

పాపం, ఇంట్లో గొప్పకు చెప్పుకున్నాడు కాబోలు అనుకున్నాను. అలా చెప్పుకునే గతి పట్టించింది నేనే. మీ నాయన అబద్ధం చెప్పాడని తండ్రి పోయిన పిల్లతో ఎలా అనను? వెతుకుతాను కూర్చో అన్నాను. కాసేపు వెతికినట్టు నటించి, కాపీ దొరకలేదని చెబుదామనుకుని బైండు చేసిన పాత సంచికలు తీశాను.

మధ్యాహ్నం మూడు గంటలు. చుట్టూ పిల్లలు, ప్రింటరు మోత, కిటికీలోంచి ఎండ. ఆ ఏప్రిల్ సంచిక దగ్గర చెయ్యి ఆగింది. నా సిగ్గు నేనే చూసుకుందామని నాలుగో పేజీ తిప్పాను.

డబ్బా లేదు. ఓబులేసు ఉన్నాడు.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడదాకా గుండీలు. కూర్చున్నది నా టేబుల్ ఎదురు కుర్చీలో. ఫోటో అంచున నా పెన్సిళ్ళ డబ్బా సగం కనబడుతోంది. అంటే తీసింది నా కుర్చీలో కూర్చున్నవాళ్ళే. కింద అయిదు ప్రశ్నలు, అయిదు జవాబులు. పదకొండేళ్ళుగా ఈ లైబ్రరీలో పనిచేస్తున్నాడని రెండో వాక్యంలోనే ఉంది. ఇంగ్లిషు నాదే. నేను వాడే మాటలు, నేను వాక్యం ముగించే తీరు.

భారతి చూస్తోందని పేజీ జిరాక్సుకు ఇచ్చి, నీళ్ళు తాగి వస్తానని లేచాను.

నా కంప్యూటర్‌లో ఆ నెల ఫైలు తెరిచాను. డబ్బానే ఉంది. ప్రెస్సుకు పంపిన మెయిల్ తెరిచాను. అందులోనూ డబ్బానే. ప్రెస్సాయనకు ఫోన్ చేస్తే, మీరు పంపిందే వేస్తాం మేడమ్, మేమెందుకు మారుస్తాం అన్నాడు. మా సంచికలన్నీ దాచుకునే ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆ ఏప్రిల్ నాలుగో పేజీలో ఏముందని ఆయనను అడిగాను. తీసి చూసే పని కూడా లేదు, ఆ ఇటుకలు మోసినాయన కదా, మీరు రాసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే అన్నారు.

చివరికి సొరుగు తాళం తీశాను. మార్చి కార్డుకూ మే కార్డుకూ మధ్య ఒక కార్డుంది. పెన్సిల్ రాత. నా రాత నాకు తెలియదా? మిగతా కార్డులన్నీ ఇంగ్లిషులో రాసుకున్నాను, ఇదొక్కటే తెలుగులో ఉంది. ఆయన మాటను ఆయన మాటగానే దించారు, ఎవరు దించారో గానీ.

"ఇష్టమైన చోటు: కిటికీ పక్క 894. ఆడ తెలుగు బుక్కులుండాయి. చదవను రాదు, తుడుస్తా.

చదివేవాళ్ళకు: తీసిన బుక్కు మీరు పెట్టొద్దండప్పా, టేబుల్ మీదే ఇడిసిపెట్టండి. తప్పు చోట పెట్టిన బుక్కు పోయిన బుక్కే.

ఎవురికీ తెలీంది: ఈ బిల్డింగుకు ఇటుకలు మోసింది నేనే. మూడో అంతస్తు దాకా. అయిపోయినాక పోబుద్ధి కాలా."

ఇవేవీ నేను అడగలేదు. ఆయన ఇటుకలు మోసిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద పనిచేసి కూడా.

పేజీ నకలు కింద, ఈ పరిచయం రాసింది నేనేనని సంతకం పెట్టమన్నారు చీఫ్ లైబ్రేరియన్. పెట్టాను. అది నిజమో అబద్ధమో తెలియకుండానే పెట్టాను. పెట్టకపోతే ఆ పిల్ల జిగణి పోతుందని మాత్రం తెలుసు. శుక్రవారం ఫైలు వెళ్ళింది, పని దొరికింది.

ఆ కబురు చెప్పిన రోజు భారతి మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇక దాచలేక, మీ నాయన దీని గురించి ఇంట్లో ఏం చెప్పాడమ్మా అని అడిగాను.

"నా ఎస్సెల్సీ పరీక్షలకు ముందు శుక్రవారం మేడమ్, బాగా గుర్తుండాది. నా హాల్ టికెట్టు ఆ పొద్దే ఇచ్చినారు. ఆ పొద్దు నాయనకు తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేసిచ్చినా. సాయంత్రం వచ్చి, మేడమ్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడింది, ఆయమ్మే పోయి కాఫీ తెచ్చిచ్చింది అని చెప్పినాడు. అంత సేపు ఎవురూ నా మాట వినలేదు పాపా అన్నాడు. అప్పట్నుంచే ఊరికి పోయినప్పుడల్లా మీకని శెనక్కాయలు మూట కట్టించేవాడు."

నేను తలూపాను.

ఆ రోజే పాత హాజరు పట్టీ తీయించాను. ఆ శుక్రవారం, అంటే నేను పత్రిక ప్రెస్సుకు పంపిన మర్నాడు, నా పేరు ఎదుట సెలవని ఉంది. గేటు దగ్గర వేలిముద్ర కూడా లేదు. హిందూపురంలో చెల్లెలి పక్కన కూర్చుని గాజులు తొడుగుతున్న ఫోటో నా ఫోన్లో ఇప్పటికీ ఉంది, అదే తేదీతో.

ఎవరో తుంటరితనంగా చేశారనుకుందామంటే సొరుగు తాళంచెవి నా దగ్గరుంది, రాత నాది. నేనే చేసి మరిచిపోయాననుకుందామంటే ఒక మనిషి రెండు ఊళ్ళలో ఎలా ఉంటుంది? మా ఆయన ఇంజినీరు, దేనికైనా కారణం చెబుతాడు. కార్డు చూపించాను. వెనకా ముందూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

మొదట్లో నాకు భయమేసింది నిజమే. ఇంటికి పోయేటప్పుడు నా ఖాళీ కుర్చీ వంక చూడకుండా పోయేదాన్ని. ఇప్పుడు భయం కన్నా వేరే బాధ ఎక్కువగా ఉంది. ఆ రోజు అక్కడ కూర్చున్నది ఎవరో గానీ, నేను చేయాల్సిన పని చేసింది. నాకన్నా బాగా చేసింది. దానికి రావాల్సిన దండాలు, శెనక్కాయలు నాలుగేళ్ళు నేను తీసుకున్నాను. అదేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

భారతి ఒక సోమవారం పనిలో చేరింది. ఇంకా కార్డు కూడా మెడలో పడలేదు, తొమ్మిదిన్నరకే ఆ పిల్లను నా ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి పెన్సిల్ తీశాను. కొత్తగా వచ్చిన డాక్టరేట్లు ఇద్దరు వరుసలో ఉన్నారు. ఉండనీ.

"ఇప్పుడే ఏం తొందర మేడమ్? ముందు పని నేర్చుకోనీండి," అంది నవ్వుతూ.

కాదమ్మా, ఇప్పుడే చెప్పు, ఏ ఊరు మీది అన్నాను. వాళ్ళ ఊరు నాకు తెలుసు. అయినా ఇంకెవరో వచ్చి అడగకముందే, ఈసారి నేనే అడగాలనుకున్నాను.