అత్త బావిలో ఐదు పేలుళ్లు

మా నాన్న బావులు తవ్వేవాడు. రాయదుర్గం చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలున్న చోటల్లా అప్పుడు రాళ్ల గుట్టలే. ఆ రాతిలో బెజ్జాలు కొట్టి, మందు కూరి, వత్తి ముట్టించి నీళ్లు తెప్పించేవాడు. మందుతో పనిచేసినా మనిషికి కోపమంటే తెలియదు. ఇంట్లో కోపమంతా నా వాటాకే వచ్చింది.

బావిలో చెంబెడు నీళ్లున్నా సరే, తోడించకుండా ఆయన మందు పెట్టేవాడు కాదు. "రాయికి దెబ్బ తగిలిన కాడనే తగుల్తది బిడ్డా. నీళ్లకు తగిలితే నాలుగు దిక్కులు పోతది" అనేవాడు. వత్తులు కూడా అన్నీ ఒకే పొడుగు కోసేవాడు కాదు. ఒకటి పేలి, దాని అదురు తగ్గాకే ఇంకొకటి పేలాలి. లేకపోతే లోపలి రాయి ఎక్కడ చీలుతుందో దేవుడికే తెలియాలి. వేరేవాళ్లు పూటలో ముగించే పనికి ఆయనకు మూడు రోజులు పట్టేది. జనం నవ్వేవాళ్లు.

నన్ను మాదాపూర్‌లో సొంత చెల్లెలి కొడుక్కే ఇచ్చాడు. డెబ్బైలలో వానలు మొహం చాటేసిన ఒక ఏడు, అత్త బావిలో నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. పొలంలో వరి పొట్ట మీదుంది. అత్త అన్నకు కబురు పెట్టింది. ఆయన వచ్చి, నీళ్లలోనే నిలబడి బెజ్జాలు కొట్టాడు. మోట మునగని నీళ్లు కాబట్టి కుండలతో తోడిపోయాలని, రెండు రోజులు పడుతుందని చెప్పాడు.

అత్త ఆ కోపం నా మీద చూపించింది. "పైరు ఎండినంక నీళ్లెందుకే, మీ నాయిన నెత్తిన పోసుకునేతందుకా?"

నాకూ ఒళ్లు మండింది. తిన్నగా బావి గడ్డకు పోయాను. నాన్న ఒక్కడే ఉన్నాడు. "నాయినా, తోడుడు ఇడిసిపెట్టు. ఇయ్యాల్నే ముట్టియ్యి. లేకుంటే అత్త నన్ను బతకనియ్యదు. జర నా మొఖం జూడు" అన్నాను.

ఆయన నిజంగానే నా మొహం చూశాడు, చాలాసేపు. "ఒక్కసారికేం గాదులే" అన్నాడు.

బావి మీద ముళ్లకంప కప్పి, జనాన్ని దూరం పొమ్మని కేకేసి ముట్టించాడు. ఐదు వత్తులు, ఐదు పేలుళ్లు, లెక్క సరిపోయింది. కానీ అంత దూరంలోనూ నా కాళ్ల కింద నేల ఒణికింది. పొగ తగ్గాక చూస్తే నీళ్లు నడుము లోతుకు ఎక్కాయి. అత్త నన్ను వాటేసుకుంది. అన్న నోట్లో బెల్లం పెట్టింది.

తెల్లారి బావిలో చుక్క లేదు. కొత్త నీళ్లూ లేవు, పాత నీళ్లూ లేవు. అడుగు రాయి ఈ కొస నుంచి ఆ కొసకు చీలి ఉంది. నాన్న దిగి, చీలికకు చెవి ఆనించి విన్నాడు. "కిందికి పోతున్నయి" అన్నాడు.

అత్త అన్న మీద మన్నెత్తి పోసి శాపనార్థాలు పెట్టింది. "నాదే తప్పు చెల్లె. తొందరపడ్డ" అన్నాడే తప్ప నా పేరెత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు. చూస్తే అందరికీ తెలిసిపోతుందని చూడలేదు. నేను నోరు విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నాది ఉత్త పిరికితనం, సామెతను అడ్డం పెట్టుకున్నాను.

వరి పశువుల పాలైంది. అత్త అన్న గడప తొక్కడం మానేసింది. నాన్న మళ్లీ వత్తి ముట్టించలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఇళ్లు కట్టే చోట కంకర కొట్టి బతికాడు. అలా నాలుగేళ్లు కొట్టి పోయాడు.

ఆ రోజు అత్త వచ్చింది. అన్న పాదాలు పట్టుకుని ఏడ్చి ఏడ్చి, నా వైపు తిరిగింది.

"నీళ్లు తోడకుండ ఎన్నడు మందు పెట్టనోడు, నా బావికే ఎందుకట్ల జేసిండే? నా మీద ఏమన్న మనసుల పెట్టుకున్నడా?"

"నాకు తెల్వదత్తా" అన్నాను.