కుప్పమ్మ కుండలో దాచిన ఉండలు

నా బొడ్డు కోసింది కుప్పమ్మే. పలమనేరు దగ్గర మా పల్లెలో నా ఈడువాళ్లందరికీ ఆమే మంత్రసాని. పొట్టి మనిషి, పెద్ద గొంతు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పురుడు పోసిన ఇంట్లో చీర పాతదిచ్చినా నవ్వి తీసుకునేది గానీ, తన పద్ధతికి వంక పెడితే ఆ ఇంటి గడప మళ్లీ తొక్కేది కాదు.

ఆ పద్ధతి ఏమిటంటే, కొడవలితో బొడ్డు కోసి, దారంతో ముడివేసి, తాజా ఆవుపేడలో ఆముదం కలిపి పైన పట్టు వేయడం. పేడతో అలికితే ఇల్లే శుద్ధి అవుతుంది, బొడ్డెందుకు కాదు? అట్లా నమ్మింది ఆమె ఒక్కతే కాదు, ఊరంతా. కొందరు బిడ్డలు వారం తిరిగేలోగా పాలు తాగడం మానేసి, దవడలు బిగిసి, విల్లులా వంగి చచ్చిపోయేవాళ్లు. దాన్ని బాలగ్రహం అనేవాళ్లు. ఏడ్చి, పూడ్చి, తర్వాతి కానుపుకు మళ్లీ పేడే తెచ్చేవాళ్లు. నేనెట్లా బతికి బట్టకట్టానో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. మిషన్ ఆస్పత్రి కాంపౌండరు ప్రేమానందం మశూచి టీకాలు వేయడానికి సైకిలు మీద మా పల్లెకు వచ్చేవాడు. ఒకసారి కుప్పమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయి, బొడ్డుకు పేడ పెట్టవద్దని, బిడ్డల్ని చంపుతున్నది గ్రహం కాదు ఆ పేడేనని మెల్లగానే చెప్పాడు. ఆమె కూతురు తిరుమలమ్మ తొలి కానుపుకు పుట్టింటికి వచ్చి ఉంది. నిండు నెలలతో గోడకు ఆనుకుని ఆ మాటలన్నీ వింది.

కుప్పమ్మకు కోపం నషాళానికి అంటింది. ఆయన్ను పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయి పెంటదిబ్బ అంచున పారతో తవ్వింది. మట్టి కింద చిన్న గూడు, అందులో నిమ్మకాయలంత పేడ ఉండలు, వాటి మీద నల్లటి పేడపురుగు. ఒక్కో ఉండలో ఒక్కో పిల్ల పెరుగుతుందని మా ఊళ్లో పశువులు కాసేవాళ్లందరికీ తెలుసు.

"సూడప్పా. ఇది కనేది పేడలోనే, పెంచేది పేడలోనే. దీని పిల్లకు రాని రోగం మన బిడ్డకు యాడనుంచి వస్తాది?"

ప్రేమానందం వంగి ఆ గూడును చూసి, సైకిలు వైపు నడిచాడు. మళ్లీ వచ్చినప్పుడు బతికిన పిల్లల్ని చూపిస్తానని పంతంగా ఆమె రెండు ఉండలు తీసి, కుండలో తడిమట్టి మధ్య పెట్టి మూత వేసింది. తల్లి పురుగు మాత్రం మిగతా ఉండల చాటుకు దూరింది. దాన్ని అక్కడే వదిలి మట్టి కప్పేసింది.

కొన్నాళ్లకు తిరుమలమ్మ ప్రసవించింది. మగబిడ్డ. కుప్పమ్మ సంతోషం ఇంతా అంతా కాదు, వీధిలోకి వినబడేలా మాట్లాడుతూనే పేడ కలిపింది.

"ఈ తూరికి పేడ వద్దుమా. ఆయప్ప అంతగా చెప్పినాడు గదా," అంది తిరుమలమ్మ.

"నువ్వు పుట్టినప్పుడు పెట్టిందీ ఇదే. సచ్చినావా?" అని నవ్వుతూ పట్టు వేసింది తల్లి.

కొద్దిరోజులు బిడ్డ బాగానే పాలు తాగాడు. ఒక పొద్దున చన్ను అందిస్తే నోరు తెరవలేదు. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా బిగిసిపోతోంది. ఎన్నో ఇళ్లలో చూసిన మనిషి, కుప్పమ్మకు చూడగానే తెలిసింది. బిడ్డను చూడటానికి వచ్చి ఉన్న అల్లుణ్ణి ప్రేమానందం కోసం పరుగెత్తించి, తాను కొట్టం వెనక దాచిన కుండ దగ్గరికి పోయింది. ఎందుకు పోయిందో నాకర్థమవుతుంది. నీ తప్పు లేదని ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పడానికి ఆమెకు ఆ కుండ తప్ప ఎవరూ లేరు.

మూత తీసింది. ఉండల నిండా తెల్లటి బూజు. విరిస్తే లోపలి పిల్లలు నల్లబడి కుళ్లిపోయి ఉన్నాయి. పార కోసం చూడకుండా చేతులతోనే దిబ్బ అంచు తవ్వింది. అక్కడి ఉండలకు బూజు లేదు. తల్లి పురుగు ఒక ఉండ మీదికెక్కి, కాళ్లతో గీకుతూ, నోటితో శుభ్రం చేస్తూ చుట్టూ తిరుగుతోంది. వెలుగు పడినా పని ఆపలేదు. అదే దిబ్బ, అదే పేడ.

ప్రేమానందం వచ్చి బిడ్డను చూసి తల అడ్డంగా ఊపాడు. కుప్పమ్మ కుండ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పేడ మంచిది కాదు సారూ. ఆ తల్లి పురుగు రేయీపగలూ గీకతా కూసుంటాది, అందుకే దాని పిల్లలు బతకతాయి. నేను పూసేసి ఇంటికి పోతా ఉంటి."

మరునాడు బిడ్డ పోయాడు. తిరుమలమ్మ తల్లి పెట్టిన కూడు పక్కకు నెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. కుప్పమ్మ ఆ పని వదల్లేదు. కొడవలినీ దారాన్నీ ఉడకబెట్టి, బొడ్డును ఉత్తగా వదిలేసేది. ఊరు మెచ్చుకుందనుకుంటున్నారా? పేడ కూడా పెట్టని మంత్రసాని మాకెందుకని పక్క పల్లె నుంచి వేరే ఆమెను పిలిపించుకుంది మా ఊరు. ఆ పిలిపించుకున్న ఇళ్లలో పాడెలు కూడా లేచాయి. తలుచుకుంటే నాకింకా ఒళ్లు మండుతుంది.

తిరుమలమ్మ రెండో కానుపుకు పుట్టింటికి రాలేదు. కబురు తెలిసి కుప్పమ్మ, ఎవరూ పిలవకుండానే వియ్యపురాలి ఇంటికి నడిచి, పురిటి గది గడపలో కూర్చుంది. వియ్యపురాలు తెచ్చిన పేడను లాక్కుని వీధిలో పారేసింది. బొడ్డు ఊడేదాకా అక్కడే తినింది, అక్కడే కునికింది, ఎవర్నీ బిడ్డ బొడ్డు మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆ ఊరివాళ్లు కుప్పమ్మకు పేడపురుగని పేరు పెట్టారు. పిలిస్తే పలికింది కూడా.

ఆడబిడ్డ బతికింది. బొడ్డు ఊడిన పొద్దున కుప్పమ్మ లేచి, చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కసారి ఎత్తుకుంటానని చాచింది. తిరుమలమ్మ ఆ చేతుల వైపు చూసింది. బిడ్డను కొంగు కింద కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

కుప్పమ్మ చాచిన చేతులు దించుకుని, మా ఊరి దారి పట్టింది.